నిండు పంటును ఇంజన్ పడవతో నెట్టుకుపోవడం ఎలా

కృష్ణపట్నం దగ్గరి కండలేరు ఉప్పుటేరులో గానీ, దానికి ఉత్తరంగానూ దక్షిణంగానూ సాగే బకింగ్‌హాం కాలువలో గానీ పడవ అనగానే మనవాళ్లకు వేట పడవే గుర్తుకొస్తుంది. అయితే వంతెన పునాదుల దగ్గరికి కంకర చేర్చాలన్నా, గండి పడినచోటికి రాళ్లు మోయాలన్నా, పూడిక తీసే యంత్రాన్ని ఒక రేవు నుంచి మరో రేవుకు మార్చాలన్నా పంటు తప్ప వేరే దారి లేదు. పంటుకు ఇంజనూ ఉండదు, చుక్కానీ ఉండదు; అది అడుగు చదునుగా ఉన్న ఇనుప పెట్టె. దానికి కాళ్లూ కళ్లూ అయ్యేది వెనక నిలబడే పడవే. ఈ పనికి కొత్తగా వస్తున్న మన తీర గ్రామాల కుర్రవాళ్ల కోసం, చాలా ఏళ్లు ఇదే పని చేసినవాడిగా, తెలిసినదంతా వరసగా రాస్తున్నాను.

మొదట ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. 1876–78 నాటి కరువులో కూలిపని కల్పించి తవ్వించిన భాగాలతో కలిపి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన ఆ కాలువలో పడవలను లాగేవారు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లోతు తక్కువైతే గడ వేసేవారు, రెండూ కుదరకపోతే మోకు భుజాన వేసుకుని మనుషులు గట్టు వెంట నడిచేవారు. శ్రీహరికోట కట్టెలూ, మన తీరపు ఉప్పూ మద్రాసుకు చేరింది అలాగే. ఆ జ్ఞాపకం వల్లనేమో, ఇంజన్ వచ్చాక కూడా పడవ వెనక పొడవాటి తాడు కట్టి పంటును ఈడ్చుకుపోవడమే సహజం అనుకుంటాము. విశాలమైన నీటిలో, సముద్రంలో అది సరైన పద్ధతే. మలుపులున్న ఇరుకు నీటిలో మాత్రం అది ప్రమాదం. అక్కడ నెట్టడమే మేలు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. తాడుతో లాగేటప్పుడు పడవ ఆగినా పంటు ఆగదు, ఎందుకంటే తాడుకు లాగే శక్తే కానీ ఆపే శక్తి లేదు. పైగా మన పంఖా (పడవను నడిపే ప్రొపెల్లర్) వెనక్కి తోసే నీళ్లన్నీ వచ్చి పంటు ముఖానికే కొట్టుకుంటాయి కనుక డీజిల్ కూడా వృథా అవుతుంది. నెట్టేటప్పుడు పడవా పంటూ ఒకే దేహంగా బిగిసి ఉంటాయి. రివర్స్ వేస్తే రెండూ కలిసి ఆగుతాయి, చుక్కాని తిప్పితే రెండూ కలిసి తిరుగుతాయి. అమెరికాలోని మిసిసిపీ నదిలో సుమారు 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు ఉండి ఒక్కొక్కటి దాదాపు 1500 టన్నులు మోసే బార్జీలను పదిహేనింటిని కలిపి ఒకే పడవ నెట్టుకుపోతుంది. ఆ పడవను అక్కడ లాగే పడవ అనే అర్థమున్న మాటతోనే పిలుస్తారు, కానీ అది చేసేది నెట్టడమే. మన పని ఒక్క పంటుతో. సూత్రం మాత్రం అదే.

నీళ్ల సంగతి

బయలుదేరే ముందు రోజే దారి మొత్తం చిన్న పడవలో వెళ్లి చూసి రావాలి. గడ మీద అడుగుకొక రంగు గుర్తు పెట్టుకుని, ఇసుక మేటలు ఉన్నచోట, మలుపు లోపలి వైపున, వంతెన స్తంభాల మధ్యన లోతు కొలిచి కాగితం మీద రాసుకోండి. నిరుడు లోతుగా ఉన్నచోటు ఈ ఏడు అలాగే ఉంటుందని నమ్మకండి. మన నెల్లూరు జిల్లాలో ఎక్కువ వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నకు వచ్చినంతటి వరద వస్తే ఏటి అడుగు రూపమే మారిపోతుంది. కాలువలో అయితే పూడికతో పాటు గుర్రపుడెక్క, గట్ల నుంచి వంగి పడిన చిల్లచెట్లు కూడా చూసుకోవాలి. వంతెన కింద ఎత్తు కొలిచేటప్పుడు, మీరు దాటబోయే వేళకు పోటు ఎంత ఉంటుందో ఆ లెక్క వేసుకుని కొలవండి.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒకదానికీ మరొకదానికీ మధ్య ఆరు గంటలకు కాస్త పైన పడుతుంది. రేపటి పోటు ఇవాళ్టికంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యం. నీటి ఎత్తులో తేడా మనకు ఒక మీటరుకు అటూ ఇటూనే ఉంటుంది కానీ, చదును పంటుకు ఆ మీటరే ప్రాణం. బరువుతో లోపలికి వెళ్లేవారు పోటు మొదలైన వెంటనే కాక, చివరి మూడో వంతులో దారి పట్టడం మంచిది. అప్పుడు ఎక్కడైనా తగిలినా నీరు ఇంకా ఎక్కుతూ ఉంటుంది, గమ్యం చేరేసరికి నిలకడ నీరు దొరుకుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో వచ్చే పెద్ద పోటు నిండుగా ఉన్న సమయంలో మాత్రం సందేహమున్న చోటికి వెళ్లకండి. ఆ ఎత్తులో ఇసుక మీద కూర్చుంటే, మళ్లీ అంత నీరు రావడానికి పక్షం రోజులు పట్టవచ్చు.

పంటు బరువు లెక్క

ఈ లెక్క ఒకసారి చేతికి వస్తే జీవితాంతం పనికొస్తుంది. మీ పంటు 20 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉందనుకోండి. అడుగు వైశాల్యం 120 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు మునగాలంటే 1.2 టన్నుల బరువు కావాలి. ఖాళీగా 30 సెంటీమీటర్లు మునిగి ఉంటే దాని సొంత బరువు 36 టన్నులు. దాని మీద 60 టన్నుల కంకర పోస్తే మరో 50 సెంటీమీటర్లు దిగి, మొత్తం 80 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తుంది. లారీ చీటీలు ఎన్ని టన్నులు చెప్పినా, పంటు పక్కన గీసిన గీతలు అబద్ధం చెప్పవు; ఆ గీతలు చూసే లెక్క వేసుకోండి. అడుగు కింద కనీసం మరో 30 సెంటీమీటర్లు ఉండాలి కనుక, దారిలో అన్నింటికంటే తక్కువ లోతున్న చోట 1.1 మీటర్లు దొరుకుతాయో లేదో చూడాలి. ఉప్పు నీటి నుంచి మంచి నీటిలోకి వెళితే పంటు రెండున్నర శాతం ఎక్కువ మునుగుతుంది. ఈ పంటుకు అది సుమారు 2 సెంటీమీటర్లు.

బరువు ఒక పక్కకు ఒరగకుండా పోయించండి. ముందుభాగం కంటే వెనుక భాగం నాలుగు వేళ్లు ఎక్కువ మునిగితే పంటు దారి తప్పకుండా నడుస్తుంది. ముక్కు కిందికి ఉంటే ఎంత తిప్పినా మాట వినదు. తరవాత లోపలి గదుల మూతలు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. అందులో కొద్దిపాటి నీరే కదా అనుకోవద్దు. పంటు ఒక పక్కకు ఒరిగితే ఆ నీరంతా ఆ పక్కకే పరుగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తుంది. ఇలాంటి పడవలు తలకిందులయ్యే కారణాల్లో ఇదొకటి. పంపు పెట్టి పూర్తిగా తోడి, మూతలు బిగించాకే మిగతా పని.

పడవలో చూడవలసినవి తక్కువే కానీ తప్పనివి: రివర్స్ గేరు వెంటనే పడుతోందా, చుక్కాని రెండు వైపులా చివరిదాకా తిరుగుతోందా, ఇంజన్ చల్లబరిచే నీటి జల్లెడలో నాచు చేరిందా. 2021 నాటి దేశీయ జలయాన నౌకల చట్టం ప్రకారం ఇంజన్ ఉన్న పడవకు రిజిస్ట్రేషనూ, తనిఖీ పత్రమూ, నడిపేవారికి అర్హత పత్రమూ ఉండాలి. రేవు హద్దుల్లోకి వెళ్లేటట్లయితే రేవు వారి అనుమతి కూడా ముందే తీసుకోండి.

కట్టడం

ఈ పనిలో సగానికి పైగా పడవను పంటుకు కట్టడమే. ఇక్కడ తొందరపడితే తరవాత సరిచేసుకునే అవకాశం నీళ్ల మీద దొరకదు.

ముందు మీ పడవ ఏ రకమో చూసుకోండి. ముక్కు చదునుగా ఉండి, దానికి రబ్బరు తొడిగిన రెండు నిలువు ఇనుప దూలాలు ఉంటే పంటు వెనుక మధ్యలో నిలబెట్టి నెట్టవచ్చు. మన వేట పడవలకు ముక్కు కోసుగా ఉంటుంది కాబట్టి, అవి పంటు వెనుక నిలకడగా ఆనవు. ఎంత బిగించినా చుక్కాని తిప్పగానే జారిపోతాయి. అలాంటి పడవను పంటుకు పక్కన కట్టుకోవాలి. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఈ రెండో రకమే కనుక రెండూ చెబుతాను.

వెనక నిలబడి నెట్టేటప్పుడు, ప్రవాహానికి ఎదురుగా మెల్లగా వచ్చి పడవ ముక్కును పంటు వెనుక గోడకు సరిగ్గా మధ్యన ఆనించండి. ఇంజన్ నిదానంగా ముందుకే నడుపుతూ ఉంటే పడవ అక్కడే అతుక్కుని ఉంటుంది, కళాసీలు నెమ్మదిగా పని చేసుకోవచ్చు. పడవ ముందు గుంజల నుంచి పంటు వెనుక రెండు మూలల గుంజలకు చెరొక మోకు వేయండి. ఇవి పడవను పంటుకు హత్తి ఉంచుతాయి. ఆ తరవాత పడవ వెనుక గుంజల నుంచి అదే పంటు మూలలకు, వీలైనంత వెడల్పుగా, మరో రెండు మోకులు వేయండి. చుక్కాని తిప్పినప్పుడు పడవ తోక పక్కకు ఊగకుండా ఆపేవి ఈ రెండే. చాలామంది ముందు రెండూ కట్టి చాలనుకుంటారు. మొదటి మలుపులోనే పడవ అడ్డం తిరుగుతుంది. నాలుగింటినీ వించితోనో, చైన్ పుల్లీతోనో బిగించాలి. చేతి బలం చాలదు.

పక్కన కట్టేటప్పుడు పడవను పంటు మధ్యకు కాక వెనక్కి పెట్టండి, పంఖా, చుక్కాని రెండూ పంటు చివర దాటి వెనక్కి ఉండాలి; లేకపోతే నీళ్లు పంటు గోడకు తగిలి చుక్కానికి పట్టు దొరకదు. రెండింటి మధ్య పాత టైర్లు కనీసం నాలుగు వేలాడదీయండి. పడవ ముక్కు నుంచి వెనక్కి సాగి పంటుకు చేరే మోకు ముఖ్యమైనది. మీరు ముందుకు నెట్టే బరువంతా దాని మీదే పడుతుంది. పడవ తోక నుంచి ముందుకు సాగి పంటుకు చేరే మోకు రివర్స్ వేసినప్పుడు పని చేస్తుంది. ఈ రెండూ కాక ముక్కునూ తోకనూ పంటుకు దగ్గరగా పట్టి ఉంచేందుకు చెరొకటి. ఇంకో సంగతి: బరువు ఒక పక్క నుంచి నెడుతున్నాము కనుక పంటు ఎప్పుడూ అవతలి పక్కకు తిరగాలని చూస్తుంది. పడవ కుడి పక్కన ఉంటే పంటు ఎడమకు పోతుంది. అందువల్ల పడవ ముక్కును పంటు వైపుకు కొద్దిగా వాల్చి కట్టాలి. ఎంత వాల్చాలో ఆ రోజు బరువును బట్టి మొదటి వంద మీటర్లలో తెలిసిపోతుంది. చుక్కానిని ఎప్పుడూ ఒకే వైపు పట్టుకోవలసి వస్తోందంటే, ఆగి మళ్లీ కట్టుకోండి.

బిగింపు సరిపోయిందా అన్నది ఇలా చూసుకోవాలి. పంటు ఇంకా ఒడ్డుకు కట్టి ఉండగానే ఇంజన్ నిదానంగా ముందుకు వేసి, చుక్కానిని పూర్తిగా ఎడమకు, తరవాత పూర్తిగా కుడికి తిప్పండి. ఒక కళాసీ పడవ, పంటు కలిసేచోట వంగి చూస్తూ ఉండాలి. రబ్బరుకూ ఇనుముకూ మధ్య వేలు దూరే సందు పడినా బిగింపు చాలదు. తరవాత ఇంజన్ ఆపి, మోకును అరచేత్తో తట్టి చూడండి. బిగిసిన మోకు అదురుతుంది, వదులుగా ఉన్నది ఊగుతుంది. కొత్త నైలాన్ మోకు మొదటి అరగంటలో తప్పకుండా సాగుతుంది. కాబట్టి బయలుదేరిన అరగంటకు ఆగి నాలుగింటినీ మళ్లీ బిగించండి.

మోకుల దగ్గర ప్రాణాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నైలాన్ మోకు తెగితే అది సాగిన దారినే వెనక్కి కొరడాలా వస్తుంది, మనిషి కాలు విరిచేంత బలంతో వస్తుంది. బిగిసిన మోకుకు ఎదురుగా, దాని వరసలో ఎవరూ నిలబడకూడదు. చుట్ట చుట్టిన తాడు మధ్యలో కాలు పెట్టకూడదు. నాకు పని నేర్పిన పెద్ద సరంగు రోజుకు పదిసార్లు "మోకు మీద కాలు పెట్టబాకు అబ్బయ్యా" అనేవాడు. పదకొండోసారి అనవలసిన అవసరం రాకుండా చూసుకునేవాళ్లం. నీటిలో తేలే ప్లాస్టిక్ తాళ్లు పంఖాకు చుట్టుకోవడం మామూలు, వాడని తాడు ఒక్కటి కూడా పడవ అంచున వేలాడకూడదు. అందరి ఒంటి మీదా లైఫ్ జాకెట్, ప్రతి గుంజ దగ్గర పదునైన కత్తి ఉండాలి.

కత్తి గురించి అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను పనికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక కాంట్రాక్టరు తొందర మీద మేము నిండు పంటును పొడవాటి తాడుతో లాగుతూ ఆటు నీటితో మలుపు తిరిగాము. మేము నిదానించాము, పంటు నిదానించలేదు. అది పక్క నుంచి మమ్మల్ని దాటిపోయింది, తాడు పడవకు అడ్డంగా బిగిసింది. ఒక్క క్షణంలో పడవ అంచు నీళ్లలోకి వంగి, డెక్కు మీదికి నీరు వచ్చేసింది. ఇంజన్ ఎంత పెంచినా లాభం లేదు, పెంచేకొద్దీ ఇంకా ఒరుగుతుంది. వెనక ఉన్న కళాసీ తాడు నరికాడు కనుక లేచాము. తాడు పక్కకు లాగితే పడవ బోల్తా పడుతుందన్నది ఈ వృత్తిలో అందరికంటే ముందు నేర్చుకోవలసిన పాఠం. లాగక తప్పని పరిస్థితి వస్తే తాడు ఒక్క దెబ్బతో వదిలేలా కట్టండి.

కదలడం, తిరగడం

చుక్కాని దగ్గర కూర్చున్న సరంగుకు పంటు ముందు ఏముందో కనబడదు. కంకర గుట్టకు అవతల చిన్న పడవలో జాలరి ఉన్నా తెలియదు. అందుకని పంటు ముక్కున ఒక మనిషిని వాకీటాకీతో నిలబెట్టండి. అతను దూరాన్ని మీటర్లలో కాక "పంటు పొడవు మూడింతలు", "రెండింతలు" అని చెబితే సరంగుకు చప్పున అందుతుంది. ఒక నిమిషం పాటు అతని గొంతు వినబడకపోతే ఇంజన్ తగ్గించాలని ముందే మాట్లాడుకోండి. ఉప్పుటేరుకు అడ్డంగా వలలు కట్టే ఊళ్లవారికి ముందు రోజే కబురు పంపాలి. వల తెగితే వారికి ఆ రోజు కూడు పోయినట్టే, మన పంఖాకు కూడా అది చేటే. కొత్తవారు రాత్రిపూట ఈ పని పెట్టుకోకండి.

నిండు పంటును తిప్పేటప్పుడు అది లారీలా ముక్కు వెంట తిరగదు. మధ్యలో ఎక్కడో మేకు కొట్టినట్టు తిరుగుతుంది, తోక అవతలి గట్టు వైపు విసురుగా పోతుంది. అందువల్ల మలుపు లోపలి గట్టుకు మరీ దగ్గరగా పోకుండా, తోకకు చోటు వదిలి, మలుపు రాకముందే తిప్పడం మొదలుపెట్టాలి. తిరగడం మొదలైన తరవాత దాన్ని ఆపడమే అసలు కష్టం. ముక్కు ఇంకా దారికి రాకముందే చుక్కానిని ఎదురు వైపుకు తిప్పితేనే సరిగ్గా దారిలో నిలుస్తుంది. వెనక నుంచి నీరు తోస్తున్నప్పుడు చుక్కానికి పట్టు తక్కువ, గట్టు మాత్రం త్వరగా దగ్గరవుతుంది. వంతెన స్తంభాల మధ్య నుంచి పోవలసి వస్తే నిలకడ నీటిలో గానీ, ఎదురు నీటిలో గానీ దాటండి. ఆటు నీటి వాలుతో నిండు పంటును వంతెన కిందికి తోసుకుపోవడం చాలా అనుభవం ఉన్నవారు కూడా ఆలోచించి చేసే పని.

కాలువలోకి ప్రవేశించాక వేగం మరీ తగ్గించాలి. పంటు కాలువను సగం నింపేస్తే, ముందున్న నీరు రెండు పక్కల సందుల్లోంచి వేగంగా వెనక్కి పోవాలి. ఆ నీటి మట్టం పడిపోతుంది, పంటు ఇంకా కిందికి కూర్చుంటుంది. ఒక గట్టుకు దగ్గరైతే తోకను ఆ గట్టు లాక్కుంటుంది, ముక్కు అవతలి గట్టుకు పోతుంది. దీనికి గుర్తు కంటికి కనిపిస్తుంది: మీరు పక్కనుంచి పోతుండగా గట్టున ఉన్న తుంగ మొదళ్లు బయటపడి, మీరు దాటగానే నీరు ఉరికి వచ్చి గట్టును తడుపుతోందంటే వేగం ఎక్కువైందన్నమాట. మనిషి గట్టు మీద మామూలుగా నడిచే వేగం, గంటకు 4, 5 కిలోమీటర్లు, కాలువలో చాలు. అంతకు మించితే గట్లు కూలతాయి, ఆ గట్టు అవతల రొయ్యల చెరువులున్నాయి.

తగిలితే

పంటు ఇసుకకు తగిలిందని తెలియగానే ముందుకు ఇంజన్ పెంచకండి. దానివల్ల ఇంకా ఎక్కుతుంది, పంఖా లేపిన ఇసుక పంటు చుట్టూ మేట వేస్తుంది. ఇంజన్ ఆపి, చుట్టూ గడతో కొలిచి ఏ వైపు లోతుందో చూసి, పోటు ఎక్కుతుంటే ఓపికగా ఆగి, వచ్చిన దారినే మెల్లగా రివర్స్‌లో వెనక్కి తీయండి. ఆటు మొదలైపోయి ఉంటే ముందు లంగరు వేసి, మూతలు చూసి, బరువు ఒరగకుండా కాపు కాయాలి.

ఆపడం, ఒడ్డుకు చేర్చడం

వేగం రెండింతలైతే ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. దాదాపు వంద టన్నుల పంటు ఎంత దూరంలో ఆగుతుందో కాగితం మీద కాక నీళ్ల మీదే తెలుసుకోవాలి కనుక, బయలుదేరిన కాసేపటికే వెడల్పైన చోట ఒకసారి పూర్తిగా రివర్స్ వేసి, గట్టున ఒక చెట్టును గుర్తుగా పెట్టుకుని, పంటు పొడవుకు ఎన్నింతల్లో ఆగిందో చూసుకోండి. ఆ రోజంతా ఆ సంఖ్యే మీకు ఆధారం.

రేవు చేరేటప్పుడు ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు ముఖంగా రండి. వాలులో వస్తూ రేవు దాటిపోతే మళ్లీ పైకి రావడం కష్టం కనుక, వెడల్పైన చోట ముందే తిప్పుకుని ఎదురు నీటిలోకి రావాలి. ముక్కు వైపు మోకు ముందుగా ఒడ్డు గుంజకు పడాలి, తరవాత తోక వైపుది, ఆ తరవాత పంటు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే రెండు అడ్డ మోకులు. ఇవన్నీ పడి, పంటు దానంతట అది నిలబడిందని చూసుకున్నాకే పడవను పంటు నుంచి విప్పండి. ముందే పడవ విప్పి, పంటు నీటితో పాటు తేలుతూ వెళ్లిపోయిన సందర్భాలు నేను చూశాను.

ఒడ్డుకు కట్టిన మోకులను ఆ వేళ ఉన్న నీటికి బిగించి ఇంటికి పోకండి. పోటులో బిగించిన మోకు ఆటులో పంటును పట్టి వేలాడదీస్తుంది. అప్పుడు మోకైనా తెగాలి, గుంజైనా ఊడాలి, లేదా పంటు ఒరిగి కంకర ఏట్లో పడాలి. ఆరు గంటల్లో నీరు పూర్తిగా దిగేలోపే, అర్ధరాత్రైనా సరే, ఒక మనిషి లాంతరు పట్టుకుని వెళ్లి నాలుగు మోకులూ వదులు చేసి, గదుల మూతలు ఇంకొకసారి తెరిచి చూసి రావాలి.